నీరుగంటి చెయ్యి

నమోదు 1

శక్తి నియంత్రణ మండలి వారికి ఉలవగుట్ట నీరుగంటి సుంకులమ్మ రాస్తున్నది. బొగ్గు కరెంటు లైను తెగినప్పటి నుంచి మళ్లీ ఎండ కాసేదాకా ఏ రోజు సంగతి ఆ రోజు రాయాలని మీ ఉత్తర్వు. రాస్తాను. అయితే నాకు క్లుప్తంగా రాయడం చేతకాదు, మనసులో మాట దాచుకోవడం అంతకన్నా చేతకాదు. చదివేవాళ్లకు విసుగు పుడితే ఉత్తర్వు ఇచ్చినవాళ్లను అడగండి.

పొద్దున లేచేసరికి గుట్ట కనిపించలేదు. మబ్బు నేలదాకా దిగింది. దీన్ని చూసి వాన వస్తుందని మురిసిపోయేవాళ్లు మా సీమలో ఎవరూ లేరు. ఇది వట్టి ముసురు. ఎండ రానివ్వదు, చినుకు రాల్చదు, గాలి ఆడనివ్వదు. ఇళ్ల మీది సోలార్ పలకలకూ పని లేదు, గట్టు మీది గాలిమరలకూ పని లేదు. ఇలాంటి ముసురు కోసమే మీరు కాచుకుని ఉన్నారని నాకు తెలుసు.

మీరు పంపిన పరిశీలకురాలు రూతమ్మ గారు మొదటి బస్సుకే దిగారు. కోస్తా మనిషి. మాట మెత్తన, పని గట్టి. సబ్‌స్టేషన్‌లో బొగ్గు లైను మీట కిందికి లాగి, దాని మీద లక్కముద్ర వేశారు.

"ముసురు పరీక్ష మొదలైందండీ," అన్నారు. "పలకలు ఒక పగలంతా పావు వంతు బలమైనా ఇచ్చేదాకా ఊరు తన కరెంటుతో తనే బతకాలి. మధ్యలో మీరు అడిగితే ఈ ముద్ర తీస్తాను. తీస్తే మాత్రం మళ్లీ పరీక్ష మూడేళ్లకే."

"తీయమని అడగం," అన్నాను.

"మొదటిరోజు అందరూ అదే అంటారండీ," అని నవ్వారు.

ఎందుకు అడగమో మీకు కాగితాల మీద తెలుసు. నాకు కళ్లెదుట తెలుసు. ఊరిని ఆనుకునే పెద్దకాలవ పోతుంది. నిండుగా పోతుంది. అందులో చెంబు ముంచే హక్కు మాకు లేదు. ఆ నీళ్లన్నీ థర్మల్ కేంద్రం వేడి చల్లార్చడానికే. బొగ్గు లేకుండా బతకగలమని చూపించిన ఊరికి ఆ నీళ్లలో దాని వంతు తెంచి ఇవ్వాలని మీ చట్టం. మంచి చట్టమే. బొగ్గు మానండి, లోకానికి మేలు అని చెప్పి ఉంటే మావాళ్లు దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉండేవాళ్లు. కాలవ నీళ్లు అనగానే ఏడాది తిరక్కుండా ప్రతి కప్పు మీదా పలకలు ఎక్కాయి.

కింది వాడలో ఖాశింబీ అని ఉంది. మొగుడు పోయాక ఒంటిచేత్తో చీనీ తోట, అదే మీ బత్తాయి తోట, పెంచింది. తోట సరిగ్గా కాలవ గట్టు కిందే. ఇది తొలి కాపు. బోరులో కాసేపు నీళ్లు వస్తాయి, తర్వాత గాలి వస్తుంది. గట్టుకు అవతల నిండు కాలవ, ఇవతల ముడుచుకునే ఆకు. పరీక్ష పోతే ఆ తోట మూడేళ్లు ఆగదు. ఊళ్లో ఇలాంటి తోటలు ఇంకా ఉన్నాయి గాని, నేను రోజూ దారిలో చూసేది ఆమెదే.

నమోదు 2

మీ కాగితాల్లో నేను 'నిల్వ నిర్వాహకురాలు'. ఊళ్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరగక నీరుగంటి అన్నారు. అది పాత కొలువు. వెనకటికి చెరువు నీళ్లను మడిమడికీ వంతు ప్రకారం పంచినవాడు నీరుగంటి. రైతు ఎంత పెద్దవాడైనా తన మడవ తను తిప్పుకోకూడదు, నీరుగంటి చేతి మీదుగానే నీళ్లు రావాలి. చావు జరిగిన ఇంటివాళ్లు అంటు తీరేదాకా పొలం ముట్టరు. అయినా వాళ్ల పైరు ఎండేది కాదు. నీరుగంటే వెళ్లి నీళ్లు కట్టేవాడు. అతనికి ఆ చెరువు కింద సెంటు భూమి ఉండకూడదని కట్టుబాటు. నాకూ లేదు. అందుకే నన్ను ఎంచుకున్నారు, నా అందం చూసి కాదు.

ఇప్పుడు నేను పంచేది కరెంటు. అదీ నీళ్లే. ఎండ కాసే రోజుల్లో మిగులు కరెంటుతో కిందిచెరువు నీళ్లను గుట్ట మీది పైచెరువుకు తోడతాం. ఎండ లేనప్పుడు తూము ఎత్తితే ఆ నీళ్లు గొట్టంలో దిగి, టర్బైన్ తిప్పి, మళ్లీ కిందిచెరువులో పడతాయి. పైకీ కిందికీ తిరగాలే గాని ఒక్క చుక్క పొలానికి పోకూడదు. దాహంతో ఉన్న ఊళ్లో రెండు చెరువులకు కాపలా ఉండటం ఎలా ఉంటుందో మండలి వారు ఒకసారి వచ్చి చూడాలి.

గుట్ట ఎక్కి నీటిమట్టం చూశాను. నా కళ్లను నేనే నమ్మలేదు. రెండు రోజుల వాడకానికి కనీసం మూరెడు దిగాలి. జానెడు కూడా దిగలేదు.

కిందికి వచ్చాక కారణం తెలిసింది. ఊరు ఊరంతా పొదుపులో పడింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. అటకల మీది విసుర్రాళ్లు దిగాయి. రాత్రి సంగటే పొద్దున మజ్జిగలో పిసుక్కుని తింటున్నారు. కరువు చూసిన రక్తం ఇది, లేకుండా గడపడం మావాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. నాకు గర్వంతో ఒళ్లు పొంగింది. దారిపొడుగునా "భేష్, ఇట్లనే పట్టండి" అంటూ పోయాను.

పొదుపు పట్టనివాడు ఒక్కడే. పైవీధిలో నూనెమర నడిపే ఈరన్న, నాకు బావ వరస. మర ధనధనమని ఆడుతూనే ఉంది.

"ఊరంతా కడుపు కట్టుకోనుంటే నీకేం పుట్టింది బావా? ఆపు," అన్నాను.

"శెనిక్కాయలు పుచ్చిపోతాయి మరదలా. కరెంటు ఉండాది, ఆడిస్తాండా. నీ తూము నువ్వు చూసుకో."

"నీలాంటోడు ఒకడుంటే చాలు, ఊరు మునగనీకి."

మర ఆపలేదు. సాయంత్రం దాకా ఊరంతా అతన్ని తిట్టుకున్నారు. నేను అందరికన్నా ముందుండి తిట్టాను.

నమోదు 3

నిన్న రాసిన 'భేష్' కొట్టేయాలనుంది. కొట్టేయకూడదని మీ ఉత్తర్వు కాబట్టి ఉంచుతున్నాను.

రూతమ్మ గారు సబ్‌స్టేషన్‌కు రమ్మని కబురు పెట్టారు. వీధివారీ మీటర్లు ముందేసుకుని కూర్చున్నారు.

"నిబంధనలు చదివారా సుంకులమ్మ గారూ?"

"చదివినా."

"తొమ్మిదోది?"

ఒప్పజెప్పాను. ఏ వాడ వాడకమైనా వరసగా మూడు రోజులు బతుకు గీత కిందికి పోతే పరీక్ష రద్దు. బతుకు గీత అంటే ఒక ఇంటికి వంటకూ దీపానికీ గాలికీ పనికీ కావలసినంత కరెంటు. నేను ఎవరికీ కరెంటు తెగ్గొట్టలేదు గదా, మనకేం భయం అనుకున్నాను. ఆ మాటే అన్నాను.

"ఎవరు తెగ్గొట్టారన్నది కాదండీ. ఇల్లు వెలిగిందా లేదా అన్నదే లెక్క," అని ఆమె కింది వాడ మీటరు చూపించారు. లైను తెగిన రోజు లెక్కకు రాదట; నిన్నా ఇవాళా గీత కిందే ఉంది. "రేపూ ఇలాగే ఉంటే నేను రద్దు రాయాలి. చెరువు నిండా నీళ్లున్నా సరే."

నా ఒళ్లు మండిపోయింది. "కష్టపడి మిగిలిస్తే తప్పా? ఇదేం పరీక్ష మేడమ్? పస్తుండేటోన్ని పట్టుకోని తిండిపోతు కాదని ఫెయిల్ చేస్తారా?"

ఆమె కోప్పడలేదు. కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు.

"మావైపు ఒక ఊరు మొదట్లో ఇలాగే గెలిచిందండీ. అప్పుడీ తొమ్మిదోది లేదు. అక్కడి పెద్దలు పేదవాడకి కరెంటు ఆపి, చెరువు నిండుగా చూపించి గెలిచేశారు. మా అమ్మ ఉండేది ఆ వాడలోనే. ఉబ్బసం మనిషి. గాలి మిషను పెట్టుకోడానికి కరెంటు లేదు." ముందున్న మీటరును పక్కకు జరిపారు. "ఆవిడ పోయాక వాడవాళ్లే పలకలు పీకి రోడ్డు మీద పగలగొట్టారు. మాకు బొగ్గే కావాలన్నారు. వాళ్లది తప్పంటారా? మనుషులు చీకట్లో కూర్చోబట్టి నిలిచిన ఊరు ఎన్నాళ్లు నిలుస్తుందండీ?"

 ఆమె మీద కోపం పోయింది గాని, రేపటి భయం వచ్చి కూర్చుంది.

నమోదు 4

తెల్లారగానే కింది వాడకు పోయాను. మొన్న పొదుపును మెచ్చుకున్న నోటితోనే "కరెంటు స్టవ్‌లు వెలిగించండి, ఫ్యాన్లు వేసుకోండి, పిండి ఆడించుకోండి" అని ఇల్లిల్లూ తిరిగాను. నాకు పిచ్చి పట్టిందేమో అన్నట్టు చూశారు. నిబంధన విడమరిచి చెప్పాను. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గాని, ఒక్కరూ స్విచ్చి దగ్గరికి పోలేదు. చివరికి ఒకామె "ఖాశింబీని అడుగుపో అక్కా" అంది.

ఖాశింబీ తోటలో చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. ఆకులు గొట్టాల్లాగా చుట్టుకుపోయాయి. పిందెలు రాలి నేలంతా పడి ఉన్నాయి. పాదుల్లో తడి లేదు.

"బోరు ఎయ్యలేదా?" అన్నాను.

"మబ్బు పట్టినకాడ్నుంచి ఎయ్యలేదక్కా."

"చెట్లు సచ్చిపోతాండాయి కదే."

"కాలవ వొస్తే బతుకుతాయి." నా వైపు చూడకుండానే చెప్పింది. "కింది వాడ ఆడోళ్లమంతా దర్గాకాడ మొక్కుకున్నాము. కాలవ నీళ్లు మనూరికి మళ్లేదాకా కరెంటు ముట్టమని. పైచెరువు దిగలేదని మురిసిపోతాంటివే, అది మా మొక్కే."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కాలవ కోసం మొక్కి, ఆ మొక్కుతోనే కాలవను కాలదన్నుకుంటున్నారు. ఏ నీళ్లతో చెట్లను బతికించుకోవాలనుకుందో, వాటి కోసమని ఉన్న నాలుగు చుక్కలూ ఆపేసి ఆ చెట్లనే చంపుకుంటోంది. పక్కన కూలబడి తొమ్మిదో నిబంధన చెప్పాను.

"అంటే మేము మాడితే కాలవ రాదా?"

"రాదు."

"ఇదేం చట్టమక్కా?"

"మనల్ని మాడొద్దని చెప్పే చట్టమే."

చాలాసేపు రాలిన పిందెను చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. "మొక్కు తప్పలేనక్కా," అంది చివరికి. "మా ఆయన పోయినంక ఈ చెట్లు ఆ మొక్కుల మీదే నిలబడినాయి. నేను తప్పినానంటే వాడంతా తప్పుతాది. రేపు ఏం జరిగినా నావల్లే అనుకుంటా."

మండలి వారు ఈ మాటకు నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రాలేదు. మొక్కు తప్పమని ఆమెను అడగడానికి నాకు నోరు రాలేదు. లేచి పోబోతూ గట్టు మీద ఆగాను. నా కొలువు పేరు నాకే గుర్తుకు వచ్చింది.

"ఖాశింబీ, వెనకటికి చావింటోళ్ల మడికి నీళ్లు ఎవరు కట్టేటోళ్లు?"

"నీరుగంటి."

"అంటు కలిసిందని ఎవరన్నా అనిరా?"

"యాల అంటారు? వాళ్లు ముట్టలేదు గదా. నీరుగంటి కట్టింది ఊరి నీళ్లు."

"మోటరు డబ్బా యాడుండాది?"

నా మొహంలోకి చూసింది.  చెయ్యెత్తి చూపించింది.

పోయి మీట నొక్కాను. బోరు దగ్గి, బురద కక్కి, తర్వాత నీళ్లు పోసింది. ఖాశింబీ కదలకుండా నిలబడింది. నీళ్లు మొదటి పాదు దాటి పక్కకు పోతుంటే ఆగలేక పార అందుకుంది.

"నీళ్లు ముట్టమని మొక్కలేదు గదక్కా," అంది.

అక్కణ్నుంచి కింది వాడంతా నా చేతి మీదే నడిచింది. ఇల్లిల్లూ దూరి స్టవ్, ఫ్యాను, దీపం, మిక్సీ, నీళ్ల మోటరు అన్నీ నేనే వేశాను. ఆడవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డారు. కాసేపటికి ధైర్యం వచ్చింది. "నీ చెయ్యే గదక్కా, రెండో స్టవ్ గూడా ఎయ్" అని ఒకరు, "మా ఇంట్లో ఫ్యాను స్పీడు చాల్లేదు" అని ఇంకొకరు. వేయడంతో తీరలేదు. ఆర్పడానికీ నేనే పోవాల్సి వచ్చింది. ఆర్పడం మొక్కులో లేదు గదా అంటే, ముట్టమన్నాక ముట్టమే అన్నారు. పప్పు మాడిపోతోందని నా కోసం వీధుల్లో కేకలు వేశారు.

రూతమ్మ గారు మీటరు పట్టుకుని నా వెనకే తిరిగారు. "నిబంధనలో ఎవరి చెయ్యి అని రాయలేదండీ," అన్నారు. పొద్దు గుంకేసరికి కింది వాడ గీత దాటింది.

నమోదు 5

ముందుకు పోతే నుయ్యి, వెనక్కు పోతే గొయ్యి. వాడకపోతే రద్దు, వాడితే చెరువు ఖాళీ. ఊరు సరిగ్గా బతకడం మొదలుపెట్టేసరికి పైచెరువు బకెట్ ఒలికినట్టు దిగుతోంది. మబ్బు మాత్రం అత్తారింటికొచ్చిన అల్లుడిలా కదలనంటోంది.

వరస మాత్రం మార్చలేదు. నీళ్లు తక్కువైనప్పుడు తోక మడికి ముందు, తూము దగ్గరి మడికి చివర అన్నది మా ఊరి పాత కట్టుబాటు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మా ఊళ్లో వడ్డన కడబంతి నుంచే మొదలవుతుంది. అంటే కింది వాడకు ముందు, పైవీధి గీతను ఆనుకుని ఉండాలి. గీతకు మించి వాడుతున్నది ఈరన్న బావ మర ఒక్కటే.

పోయి ఆపమన్నాను. బావ గోనెసంచి మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

"మొన్న ఆపమంటివి. ఆపకపోతే ఊరంతా తిడితిరి. నిన్న నువ్వే వచ్చి, బావ ఒక్కడే సరిగ్గా వాడినాడంటివి. ఈ పొద్దు మళ్లా ఆపమంటాండావు. నేనేమన్నా మీ ఇంటి ఎద్దునా, అదిలిస్తే నడిచి, పగ్గం గుంజితే నిలబడనీకి?"

"తిట్టింది తప్పే బావా. ఆపమనేది మాత్రం ఒప్పు."

"శెనిక్కాయలు?"

"పుచ్చితే పుచ్చనీ. నీకూ కాలవ కింద చేను ఉండాది గదా."

గొణుగుతూ లేచి మర ఆపాడు. అది ఆగాక వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

నమోదు 6

ఈ రోజు సంగతి రాయడానికి చేతులు లేవడం లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా రాస్తాను.

పొద్దున పైచెరువు తూము నోటి కిందికి దిగిపోయింది. టర్బైన్ రెండుసార్లు ఊపిరి పీల్చి ఆగింది. వాతావరణ కేంద్రం రేపు మబ్బు విరుగుతుందని చెప్పింది. రేపటి వరకు ఊరు నిలవాలి. సాయంత్రం వంటలూ, ఆస్పత్రీ, మంచినీళ్ల పంపులూ నిలవాలి. రూతమ్మ గారు గుట్ట ఎక్కి వచ్చారు.

"ముద్ర తీయమంటారా?" అన్నారు. వెటకారం లేదు. ఆమె గొంతులో జాలి విని నాకు ఇంకా కష్టమైంది.

"ఆగండి," అన్నాను.

చెరువులో నీళ్లు లేకపోలేదు. తవ్వేటప్పుడు మధ్యలో రాతిగట్టు అడ్డం వచ్చిందని వదిలేశారు. దానికి అవతల గుండంలో నీళ్లు నిలిచే ఉన్నాయి, తూముకు అందవు. మోటరు పెట్టి తోడదామంటే అది వాడే కరెంటు ఊరి వంటలోంచి పోవాలి, అసలు టర్బైనే ఆగి ఉంది. ఆ నీళ్లను చూస్తూ నిలబడ్డాను. రాతిగట్టు నా నడుము ఎత్తు కూడా లేదు. దాన్ని దాటిస్తే చాలు, తర్వాత గుట్టంత ఎత్తు నుంచి వాటంతటవే పడతాయి. నడుమెత్తు కష్టానికి గుట్టంత కరెంటు. ఇంత మంచి బేరం ఎవరిస్తారు?

"గూడ ఎయ్యాల," అన్నాను.

గూడ అంటే తెలియని మండలి వారి కోసం: రెండు పక్కలా తాళ్లు కట్టిన బుట్ట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఊపుతూ నీళ్లు ముంచి గట్టు మీదికి విసురుతారు. మోటర్లు రాకముందు మా తాతలు అలాగే పైరు తడిపేవాళ్లు. ఇప్పుడు ఊళ్లో ఒక్క గూడ లేదు. ఈరన్న బావ గుట్ట దిగిపోయి, మరలోని ఖాళీ నూనె డబ్బాలన్నీ బండిలో వేసుకుని వచ్చాడు. పైభాగం కోసి, తాళ్లు కట్టాడు.

"మర ఆపితివి గదా. పనిల్యాక వొచ్చినా," అన్నాడు.

రూతమ్మ గారి వైపు చూశాను. ఆమె నిబంధనల పుస్తకం తెరవలేదు. "ఏదీ కాల్చకూడదని ఉందండీ. చేతులు వాడకూడదని లేదు," అన్నారు.

ముందుగా ఎక్కింది కింది వాడ ఆడవాళ్లు. ఖాశింబీ కొంగు బిగించి తాడు అందుకుని నాకు ఎదురుగా నిలబడింది. మొదట డబ్బా తలకిందులై ఇద్దరం తడిసిపోయాం. అందరూ నవ్వారు. తర్వాత ఊపు కుదిరింది. ముంచు, ఎత్తు, విసురు. మా పక్కన ఇంకో జంట, వాళ్ల పక్కన ఇంకో జంట, రాతిగట్టు పొడుగునా ఊరు నిలబడింది. పైవీధి మగవాళ్లు కింది వాడ మగవాళ్లకు ఎదురు తాడు పట్టుకున్నారు. తూము నోటి దగ్గర నీళ్లు పేరుకుని, సుడి తిరిగి, గొట్టంలోకి దిగాయి. టర్బైన్ మూలిగి తిరగడం మొదలుపెట్టగానే ఎవరూ కేకలు వేయలేదు. ఊపు తప్పుతుందని భయం.

కింద ఇళ్లలో నేను లేను కాబట్టి, స్విచ్చిల సంగతి ఏమిటని అడిగారు. మా అక్క కూతుర్ని వాడకు పంపాను. నీరుగంటి ఇంటి చెయ్యీ నీరుగంటి చెయ్యే అని ఖాశింబీ తీర్పు చెప్పింది.

అలసినవాళ్లు పక్కకు తప్పుకుంటే కొత్తవాళ్లు తాడు అందుకున్నారు. ఖాశింబీ మాత్రం వదల్లేదు. వదలమంటే "నువ్వు వదిల్తే నేను వదుల్తా" అంది. పరిశీలకురాలు తాడు ముట్టకూడదు. రూతమ్మ గారు మంచినీళ్ల బిందె చంకన పెట్టుకుని వరస పొడుగునా తిరుగుతూ అందరికీ గ్లాసు అందించారు. అందులో నిబంధన ఏదైనా తప్పి ఉంటే నేను చూడలేదు.

చీకటి పడకముందే ఊళ్లో పొయ్యిలన్నీ వెలిగి ఆరాయి. ఆస్పత్రికి ఈ రాత్రికి సరిపోయేంత నీళ్లు తూము నోట్లో నిలిపి తలుపు వేశాను. కింది వాడ గీత పైనే ఉంది. మేమూ పైనే ఉన్నాం.

నమోదు 7

ముందు గాలి వచ్చింది. గట్టు మీద గాలిమర ఒకటి ఒళ్లు విరుచుకున్నట్టు తిరిగింది, తర్వాత రెండోది. మబ్బు చిరిగింది. ఎండ పడితే కళ్లు మూసుకుని మొహం పైకెత్తి నిలబడే ఊరు మాది కాదు. ఎండను తిట్టుకుంటూ పుట్టి పెరిగినవాళ్లం. ఈ రోజు అందరూ వాకిళ్లలోకి వచ్చి అలాగే నిలబడ్డారు.

రూతమ్మ గారు పగలంతా మీటరు ముందు నుంచి లేవలేదు. పొద్దు వాలాక వచ్చి, లక్కముద్ర నా చేతికి ఇచ్చారు. పగలగొట్టలేదు, కత్తితో జాగ్రత్తగా లేపి తెచ్చారు.

"ఇది ఇక ఎవరూ వేయక్కర్లేదండీ. లైనే తీసేస్తారు," అన్నారు. "ఈ పరీక్ష సంగతి మా అమ్మకి చెప్పాలనుంది." కళ్లు తుడుచుకోడానికి ఆమె సిగ్గుపడలేదు. నేనూ పడలేదు.

మండలి వారికి ఒక విన్నపం. తొమ్మిదో నిబంధనను ఎవరైనా తీసేయాలని చూస్తే, నన్ను పిలవండి. ఇంత క్లుప్తంగా మాత్రం మాట్లాడను.

నమోదు 8

ఇది రాయమని మీరు అడగలేదు. ఎండ కాసింది, ఉత్తర్వు తీరింది. అయినా రాస్తున్నాను.

బొగ్గు లైను తీగలు చుట్టి లారీలో వేసుకుపోయిన వారానికి, కాలవ గట్టుకు, ఊరికి ఎగువ కొసన, మా ఊరి తూము పెట్టారు. తలుపు ఎత్తింది నేనే. తోక మడికి ముందు అన్న కట్టుబాటు ప్రకారం మొదటి నీళ్లు దిగువ కొసన ఉన్న ఖాశింబీ తోటకు తిప్పాను. తోటలో సగం చెట్లు పోయాయి. ఎండిన చెట్లను ఆమె అప్పటికే నరికించి, ఆ గుంతల్లో కొత్త మొక్కలు నాటింది. మిగిలిన చెట్ల మొదట్లోకి నీళ్లు పోతుంటే మట్టి చప్పరిస్తున్న చప్పుడు వచ్చింది. చచ్చిన చెట్ల మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంకొక రోజు ముందు నాకు బుద్ధి వచ్చి ఉంటే కొన్నైనా బతికేవి. అది నా మనసులో ఉండిపోతుంది.

సందె వేళకు ఆమెతో పాటే ఇంటికి నడిచాను. లోపల మసక చీకటి. ఇన్నాళ్ల అలవాటు కొద్దీ చెప్పులు విప్పి, లోపలికి పోయి స్విచ్చి మీద చెయ్యి పెట్టబోయాను.

ఖాశింబీ నా మణికట్టు పట్టుకుంది. ఆమె అరచేతిలో గూడ తాడు కాయలు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

"చాలక్కా, ఇంగ తియ్," అంది. "మొక్కు తీరింది. నా ఇంటి దీపం నేనే ఏసుకుంటా."

వేసుకుంది. ఫ్యాను కూడా వేసింది. నన్ను దాని కింద కూర్చోబెట్టి, స్టవ్ మీద టీకి నీళ్లు పెట్టింది.

మండలి వారు నమోదు చేసుకోండి. కింది వాడ, ఖాశింబీ ఇల్లు: ఒక దీపం, ఒక ఫ్యాను, ఒక స్టవ్. చెయ్యి నాది కాదు.